ఒక కొడుకు తక్కువ, ఒక పెళ్ళాం ఎక్కువ

హతుమేరి,
ఫిబ్రవరి రెండో మంగళవారం.

చిరంజీవి తమ్ముడు హాజీ జైనుద్దీన్‌ను హతుమేరి చర్చి పెద్ద, నీ అన్న ఎలియాకిమ్ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ నీ మోకాలూ క్షేమమని తలుస్తాను.

మా కొత్త చర్చికి గోడలు లేచాయి. కప్పు వెయ్యాలంటే ముందు నడిదూలం ఎక్కాలి. ఆ దూలం మీ నుసలెసి అడవిలో మానే కావాలి, దాన్ని ఎత్తేవి మీ చేతులే కావాలి. మన తాతలు పేలా ఒట్టు పెట్టుకుని రెండు ఊళ్ళనీ అన్నదమ్ముల్ని చేసిన నాటినుంచీ ఇదే పద్ధతి. మీ మసీదు స్తంభాలు మేము సముద్రం మీద లాక్కొచ్చి నిలబెట్టిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు స్తంభానికి అటువైపు నిలబడి అరిచావు, నేను ఇటువైపు నిలబడి మోశాను.

కాబట్టి పేలా పేరున అడుగుతున్నాను. ఈస్టరు మర్నాటికి దూలాన్నీ, మనుషుల్నీ పంపు. పేలావాడు అడిగితే కాదనకూడదు, కాదన్నవాడికి ఒళ్ళంతా పుండ్లు లేస్తాయని నీకు నేను చెప్పక్కర్లేదు. వానాకాలం లోగా కప్పు పడకపోతే గోడలు మట్టిలో కలిసిపోతాయి. ఇంకోసారి కట్టే ఓపిక ఈ ఊరికి లేదు, నాకు అసలే లేదు.

ఇంకో శుభవార్త. ఆ సాయంత్రం సముద్రపొడ్డున నోవహు జలప్రళయం నాటకం వేస్తున్నాం. రచన నాదే. నోవహు వేషం నాది, నోవహు భార్య మా దొర్కాస్, ఇంకా కొడుకులు షేము, హాము, యాపెతు, ముగ్గురు కోడళ్ళు. ఊరి పెద్ద పడవే ఓడ. జంతువుల్ని చెక్కల మీద గీయిస్తున్నాం. నాటకం ప్రతి దీనితో పంపుతున్నాను, చదివి ఆనందించు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న
ఎలియాకిమ్.

తా.క.: గడ్డం కొబ్బరిపీచుతో చేయించాను, బొడ్డు దాకా వచ్చింది. అది పెట్టుకుని భోజనానికి కూర్చోవద్దని దొర్కాస్ అంటోంది. నేను వినడం లేదు.


నుసలెసి,
ఫిబ్రవరి మూడో శుక్రవారం, నమాజు తర్వాత.

చిరంజీవి తమ్ముడు ఎలియాకిమ్‌ను అన్న హాజీ జైనుద్దీన్ దీవించేది. మోకాలు నిన్నటికంటే నయం.

ముందు అన్న ఎవరో తేల్చుకుందాం. మన ముత్తాతలిద్దరూ సెరామ్ దీవి కొండల నుంచి ఒకే పడవలో వచ్చారు. ఒడ్డున ముందు కాలు పెట్టినవాడు మావాడు. మీవాడు పడవలోనే ఉండిపోయాడు, ఎందుకంటే నిద్రపోతున్నాడు. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. నిద్రపోయేవాడు అన్న ఎలా అవుతాడో నువ్వే చెప్పు.

దూలం అడిగావు, కాదనను. మంచి మాను చూసి కొట్టాం, చెక్కుతున్నాం.

ఇక నీ నాటకం. చదివాను, మళ్ళీ చదివాను, మా ఇమాముగారికి కూడా చదివి వినిపించాను. తమ్ముడూ, నీ ఓడలో ఒక కొడుకు తక్కువ, ఒక పెళ్ళాం ఎక్కువ. మా గ్రంథంలో నూహ్ ప్రవక్తకు ఓడ ఎక్కనన్న కొడుకు ఒకడున్నాడు. తండ్రి 'నాయనా, మాతో ఎక్కు' అని పిలుస్తాడు. వాడు 'నేను కొండెక్కి బతుకుతాను' అంటాడు. అల లేచి ఇద్దరి మధ్యా అడ్డుపడుతుంది. ఆ ముక్క వింటే మా ఊళ్ళో ఏడవనివాళ్ళు ఉండరు. అంతటి కొడుకును నువ్వు పుట్టనే లేదన్నట్టు రాశావు. ఇక నూహ్ భార్య అంటావా, ఆమె నమ్మనివాళ్ళలో మనిషి. ఆమె ఓడెక్కడమేమిటి, ఎక్కి పాట పాడడమేమిటి? ఆమె ఒడ్డునే ఉండాలి.

ఇంకో మాట. ప్రవక్తలకు వేషం కట్టడం మాకు తప్పు. నీ మొహం కనపడిందంటే మా ఊరంతా లేచి వెళ్ళిపోతుంది. నువ్వు ఓడలో గది కట్టించుకుని లోపల కూర్చో, గొంతు మాత్రం బయటికి రానీ. నీ మొహం కనపడకపోతే నాటకానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఇవి సరిచేసి రాయి. అందాకా దూలం మా ఒడ్డున ఉంటుంది. అడిగితే కాదనకూడదనే మనం ఒట్టు పెట్టుకున్నాం. ఆలస్యం చేయకూడదని ఎవరూ పెట్టుకోలేదు.

ఇట్లు,
ముందు దిగిన అన్న
జైనుద్దీన్.

తా.క.: జంతువుల బొమ్మల్లో పందులున్నాయా అని మావాళ్ళు అడిగారు. ఉంటాయనే చెప్పాను. అవి ఆ రోజు ఓడెక్కకపోతే మీ పెళ్ళిళ్ళలోకి ఎక్కడినుంచి వస్తున్నాయి? కాకపోతే వాటిని అవతలివైపు కూర్చోబెట్టు.


హతుమేరి,
మార్చి మొదటి మంగళవారం.

తమ్ముడు జైనుద్దీన్‌కు,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేలోపే దొర్కాస్ చేతికి వచ్చింది. 'హాజీ నన్ను సముద్రంలో ముంచమని రాశాడు' అని ఈ చివర నుంచి ఆ చివరి దాకా ప్రతి ఇంట్లోనూ చెప్పి వచ్చింది. మీవాడి పెళ్ళికి తను చేపల పులుసులో కారం ఎక్కువేసిందని నువ్వు అప్పటినుంచీ కసి పెట్టుకున్నావట. దూలం ఎత్తే రోజున నుసలెసివాళ్ళకు వండేదెవరో చూస్తానంటోంది. ఊరి ఆడవాళ్ళంతా ఆమె వైపే ఉన్నారు. ఇప్పటికి నాకు కూడా వండేవాళ్ళు లేరు.

మా గ్రంథంలో స్పష్టంగా ఉంది. నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. ఎనిమిదిమందే. లేని నాలుగోవాణ్ణి నేనెక్కడినుంచి తేను?

మీ ముత్తాత ముందు దిగిన మాట నిజమే. తాడు కట్టి రమ్మని మావాడు పంపితే దిగాడు. అన్నలు పడవలో కూర్చుంటారు, తమ్ముళ్ళు దిగి తాడు కడతారు. ఇప్పటికీ లోకంలో ఇలాగే జరుగుతోంది.

అయినా నాది మొండిపట్టు కాదు. మా పాస్టరుగారిని అడిగాను. ఆయన 'ఆ కొడుకు మన గ్రంథంలో లేడు. కానీ కొడుకు కోసం ఏడ్చే తండ్రి మనకు కొత్తా? రానివ్వండి' అన్నారు. కాబట్టి మీ నాలుగోవాడికి చోటిస్తున్నాం. నుసలెసి నుంచి ఎవరినైనా ఒకణ్ణి పంపు, ముంచేస్తాం.

మొహం సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. గడ్డం మీద చాలా పని జరిగింది.

ఇట్లు,
కూర్చున్న అన్న
ఎలియాకిమ్.

తా.క.: హాజీగారికి దొర్కాస్ రాసేది. మీకు ఈతొచ్చా?


నుసలెసి,
మార్చి రెండో శుక్రవారం.

తమ్ముడు ఎలియాకిమ్‌కు,

'నుసలెసి నుంచి ఒకణ్ణి పంపు, ముంచేస్తాం' అని రాసేముందు చేతిలో కలం ఆగలేదా నీకు? బతికి బట్టకట్టే ఎనిమిదిమందీ హతుమేరివాళ్ళా, మునిగే ఒక్కడూ మావాడా? నేను పొరపాటున దాన్ని మసీదు అరుగు మీద నలుగురి ముందూ చదివాను. చదవడం అయ్యేసరికి కుర్రాళ్ళు ఉలులు కిందపడేసి దూలం మీద ఎక్కి కూర్చున్నారు. ఇప్పటికీ దిగలేదు. భోజనాలు కూడా అక్కడికే తెప్పించుకుంటున్నారు. నేను దింపాలంటే నువ్వు మాట మార్చాలి. మునిగేవాడు హతుమేరివాడే కావాలి.

మరదలు దొర్కాస్‌తో చెప్పు. నేను ఆమెను ముంచమనలేదు, ఒడ్డున ఉండమన్నాను. ఆ తర్వాత వరద ఏం చేస్తుందన్నది దైవనిర్ణయం. పులుసులో కారం ఎక్కువైన మాట మాత్రం నిజం. మా ఇమాముగారు మూడు చెంబుల నీళ్ళు తాగారు. అయినా నేను ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. అన్నవాడికి ఓర్పు ఉండాలి.

ఇట్లు,
ఓర్పుగల అన్న
జైనుద్దీన్.

తా.క.: ఓడ ఆగింది జూదీ కొండ మీద అని మా గ్రంథం. నువ్వు అరారాతు అని రాశావు. మేము దీని మీద వాదించుకుంటుంటే మా ఊరి పెద్దముసలమ్మ విని, 'రెండూ కాదు, సెరామ్ కొండ మీద ఆగింది, మా అమ్మమ్మ ఆ చెక్కతో పీట చేయించుకుంది' అంది. పీట చూపించమనే ధైర్యం ఇమాముగారికి కూడా లేకపోయింది.


హతుమేరి,
మార్చి చివరి మంగళవారం.

తమ్ముడు జైనుద్దీన్‌కు,

ఈసారి ఎగతాళి చేసే ఓపిక లేదు. మొన్న ఇంకా కాలం కాకుండానే పెద్ద వాన పడింది. తెల్లారి వెళ్ళి చూస్తే చర్చి ఉత్తరపు గోడ మూల జారిపోయి ఉంది. సాగో చెట్టు ఆకులు కప్పి, రాళ్ళు పెట్టి, నేనూ పాస్టరుగారూ గోడ పక్కనే కూర్చున్నాం. మట్టి తడిసి నా చేతిలోకి ముద్దలు ముద్దలుగా వస్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మా నాన్న పాత చర్చికి కప్పు వేసినప్పుడు ఆ దూలం కింద నిలబడి నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. నా చేతి మీద లేచిన గోడలు దూలం లేక పడిపోతే నేను ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను.

నీ మాటలన్నీ ఒప్పుకున్నాను, విను. నా మొహం కనపడదు. పడవలో తాటాకు గది కట్టించాం, నోవహు అందులోనే ఉంటాడు. గొంతు అలల మీద వినపడాలని వెదురు బూరా ఒకటి చేయించాం. అందులోంచి ఎవరు మాట్లాడినా ఎద్దు రంకె వేసినట్టే ఉంది. గడ్డం విప్పేశాను. ఇంతకంటే మనిషి ఏం వదులుకోగలడు?

నోవహు భార్య సంగతి పాస్టరుగారు తేల్చారు. మా లెక్కలో ఆమె ఎక్కింది, మీ లెక్కలో ఎక్కలేదు. అందుకని దొర్కాస్ కూడా గదిలోనే కూర్చుంటుంది. కనపడని మనిషి ఎక్కిందో లేదో ఎవరి గ్రంథం ప్రకారం వాళ్ళు అనుకోవచ్చు. పాట తీసేశామంటే నాతో మాట్లాడడం మానేసింది. అయినా ఒప్పుకుంది.

మునగడానికి మాత్రం ఇక్కడ మనిషి దొరకలేదు. కొట్టు పెత్రుస్ కొడుకుని అడిగితే వాళ్ళమ్మ నా మొహం మీదే తలుపేసింది. గంట కొట్టే సిలాస్‌ను అడిగితే 'బతికేవాళ్ళలో చోటుంటే చెప్పండి' అన్నాడు. నువ్వు వద్దంటే ఆ కొడుకును తీసేస్తాను, కావాలంటే ఉంచుతాను. దూలం మాత్రం పంపు. పేలా పేరున అడుగుతున్నాను జైనుద్దీన్. ఇంకో మాట లేదు.

ఇట్లు,
ఎలియాకిమ్.

తా.క.: ఓడ 'ఒక కొండ మీద' ఆగిందని మార్చాను. ముసలమ్మకు నా దండాలు చెప్పు.


నుసలెసి,
ఏప్రిల్ మొదటి గురువారం.

తమ్ముడు ఎలియాకిమ్‌కు,

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. గోడ సంగతి వచ్చేసరికి కుర్రాళ్ళు నేను అడగకుండానే దూలం దిగారు. ఉలులు ఏరుకుని పనిలో పడ్డారు, సాయంత్రానికల్లా దూలం నున్నగా తయారైంది. గోడ అంతదాకా వచ్చేవరకూ ఆపినందుకు నాకు సిగ్గుగా ఉంది. దూలాన్ని నాలుగు పడవల మధ్య కట్టాం. గాలి అనుకూలిస్తే ఈ ఉత్తరం వెనకాలే వచ్చేస్తాం.

కొడుకును తీసెయ్యకు. మునిగేది నేనే. మావాళ్ళల్లో ఇంకెవరిని ముంచినా గొడవే, హాజీ తనంతట తాను మునిగితే కిమ్మనేవాడు లేడు. మీ రేవు పక్క నల్లరాయి ఉంది చూడు, దాని మీద నిలబడతాను, అదే కొండ. నువ్వు రెండుసార్లు పిలువు. రెండుసార్లూ 'ఎక్కను' అంటాను. తర్వాత మునుగుతాను. నేను మునిగేటప్పుడు మధ్యలో ఎవరూ డప్పు కొట్టకూడదు.

ఇట్లు,
నీ అన్న
జైనుద్దీన్.

తా.క.: దొర్కాస్‌కు నూర్బయా రాసేది. మా ఆయన చూడకుండా రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఈయన మూతి ముడుచుకునే ఉన్నారు. గ్రంథం కోసం కాదు, పాత్రల్లో తన పేరు లేదని. ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుంలోతు నీళ్ళలో దిగి 'ఎక్కను' అని అరుస్తున్నారు. నిన్న రెండు చేపల పడవలు రేవు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాయి. ఈయనకు ఈత వచ్చుగానీ మోకాలు మంచిది కాదు. కాస్త చూసుకో.


నుసలెసి,
ఈస్టరు అయిన వారం, శుక్రవారం.

ఎలియాకిమ్‌కు,

మోసగాడా, నాటకంలో లేని మాట ఎందుకన్నావు?

దూలం సంగతి ముందు చెప్పుకుందాం, అది మాత్రం ఎవరూ కాదనలేరు. మావాళ్ళు ఎత్తుతుంటే మీవాళ్ళు డప్పులు కొట్టడం, ఆగలేక మీవాళ్ళు కూడా వచ్చి భుజం పెట్టడం, అది గోడ మీద కూర్చున్న చప్పుడుకి రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఒక్కసారే పాట ఎత్తుకోవడం, నేను బతికుండగా మరిచిపోను. ఈసారి అరిచినవాడివి నువ్వు, మోసినవాణ్ణి నేను. ఇది రాసిపెట్టుకో.

సాయంత్రం నిజం వానే మొదలైంది. రాయి మీద నిలబడ్డాను. ఓడలోంచి పిలుపొచ్చింది. 'ఎక్కను' అన్నాను, జనం హాయిగా ఏడవడం మొదలెట్టారు. రెండోసారి పిలుపొచ్చింది. 'కొండెక్కి బతుకుతాను' అన్నాను, మా ఇమాముగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఇక మునగబోతున్నాను. అప్పుడు బూరాలోంచి మూడో పిలుపు: 'పేలా పేరున అడుగుతున్నాను. నాయనా, ఎక్కు.'

నేనేం చెయ్యను? రెండు ఊళ్ళూ చూస్తున్నాయి. తాతల ఒట్టు. అడిగితే కాదనకూడదు, నాటకంలో అయినా సరే. మోకాలు పట్టుకుని నీళ్ళలో దిగి, నడిచి, పడవెక్కాను. అప్పుడు లేచిన కేకలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. ముసలమ్మ కర్ర పారేసి నాట్యం చేసింది. నేను పడవ అంచున కూర్చుని పిల్లాడిలా ఏడ్చాను. ఎందుకేడ్చానో నాకు తెలియదు.

మా గ్రంథంలో వాడు మునిగాడు. మీ గ్రంథంలో పుట్టనే లేదు. మన ఒడ్డున ఓడెక్కాడు. ఇదేం న్యాయమని ఇమాముగారిని అడిగాను. 'గ్రంథంలో ఉన్నది గ్రంథంలో ఉంది హాజీ, దాన్నెవరూ మార్చలేదు. నువ్వు ఎక్కింది హతుమేరి పడవ' అన్నారు.

దారంతా ఆలోచించాను. మునిగిపోయేవాణ్ణి అలా అడిగి ఎక్కించుకున్న గొంతు తమ్ముడి గొంతు కాదు. సరే, ఒప్పుకుంటున్నాను. అన్నవి నువ్వే.

ఇట్లు,
నీ తమ్ముడు
జైనుద్దీన్.

తా.క.: ఈ మాట మా ఊళ్ళో ఇంకా ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.


హతుమేరి,
మంగళవారం.

హాజీ జైనుద్దీన్‌గారికి దొర్కాస్ దీవించి రాసేది. నా దీవెనలెందుకో కిందికి చదివితే తెలుస్తుంది. మీ అన్నగారు మీ ఉత్తరం చదువుకుని, చర్చి కప్పు కింద అటూ ఇటూ తిరుగుతున్నారు. ఊరంతా చెప్పేశారు కూడా. ఆయన్ని అలాగే తిరగనిచ్చి నేను కలం పట్టుకున్నాను.

ఆ రోజు పొద్దుటినుంచీ దూలం కింద అరిచి అరిచి ఆయన అలిసిపోయారు. ఓడ గదిలో చాప పరిచి ఉంది. పైన తాటాకు మీద వాన చప్పుడు. మీరు రాయి ఎక్కేసరికే ఆయన నిద్రపోయారు. లేపితే ఇటు నుంచి అటు తిరిగి పడుకున్నారు. మీ ముత్తాతల కథ నిజమేనని నాకు అప్పుడే తెలిసింది.

కాబట్టి బూరా నేను పట్టుకున్నాను. మొదటి పిలుపు నాదే, రెండోదీ నాదే. అంతటితో ఊరుకోవాలనే ఉంది. తాటాకు సందులోంచి చూశాను. మీరు వానలో మోకాలు పట్టుకుని ఆ రాయి మీద నిలబడి 'ఎక్కను' అంటున్నారు. నూర్బయా మాట గుర్తొచ్చింది. మీరు ముందు నన్నే ముంచమన్నారు, అది కూడా గుర్తొచ్చింది. అయినా నా వల్ల కాలేదు.

మీరిద్దరూ ఇన్నాళ్ళూ ఒక కొడుకు తక్కువ, ఒక పెళ్ళాం ఎక్కువ అని కొట్టుకున్నారు. నేను గదిలో కూర్చుని ఆలోచించింది ఇదీ. మీ గ్రంథంలో కొడుకు ఒడ్డున ఉన్నాడు, కానీ ఓడలో తల్లి లేదు. మా గ్రంథంలో ఓడలో తల్లి ఉంది, కానీ ఒడ్డున కొడుకు లేడు. ఇద్దరూ ఉన్నది మన నాటకంలోనే. తల్లి ఓడలో ఉండగా కొడుకు ఒడ్డున ఎలా మిగులుతాడు? రెండుసార్లు పిలిచి తండ్రి ఊరుకుంటాడేమో, నేను ఊరుకోను.

మీరు ఒప్పుకున్న మాట మీదే నిలబడండి. అడిగి ఎక్కించుకున్న గొంతు ఎవరిదో వాళ్ళే పెద్ద అన్నారు. మరదలన్న మాట ఇక వినపడకూడదు. రెండు ఊళ్ళలోనూ ఇది చెప్పండి, ఈ మాట ఎంతమందికి చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ అన్న
దొర్కాస్.

తా.క.: వచ్చే ఏడాది నాటకంలో నా పాట ఉంటుంది. పేలా పేరున అడుగుతున్నాను. పులుసులో కారం కూడా అంతే ఉంటుంది, ఇమాముగారిని చెంబు తెచ్చుకోమనండి.